పీత నరం, ఈగ నరం, మన సుబ్బారావుగారు

భీమవరం అనగానే చాలామందికి రొయ్యల చెరువులూ, మావుళ్ళమ్మ గుడీ గుర్తుకొస్తాయి. చదువరులకు 1895 జనవరి 12న ఆ ఊళ్ళో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు కూడా గుర్తుకొస్తారు. అయితే ఆయన మీద మనవాళ్ళు రాసే వ్యాసాలు దాదాపుగా ఒక మందుల పట్టికతో ముగుస్తాయి: ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకి హెట్రజాన్, ఆయన సారథ్యంలో వెలువడిన ఆరియోమైసిన్. ఆ పట్టిక గొప్పదే, కాదనను. కాని అంతకు ముందు హార్వర్డులో ఆయన చేసిన పని జీవశాస్త్రంలో ఇంకా లోతుకి వేళ్ళు తన్నిందని నా అభిప్రాయం. అందుకు నాకు సాక్షులు రెండు అల్పప్రాణులు: ఒక పీత, ఒక ఈగ.

సుబ్బారావుగారు 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. తరువాత హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. 1925లో వారిద్దరూ భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రచురించారు. కండరం నుంచి తీసిన రసానికి ఆ పరీక్ష చేస్తే రంగు వెంటనే పూర్తిగా రాలేదు, మెల్లమెల్లగా చిక్కబడింది. మరొకరైతే పరీక్ష చెడిందనుకుని పారబోసేవారేమో! వీరు ఆ ఆలస్యానికి కారణం వెతికారు. తేలిగ్గా విడిపోయే ఫాస్ఫేటు పదార్థం ఒకటి కండరంలో ఉందని తేలింది. అదే 1927 నాటి ఫాస్ఫోక్రియాటిన్. ఆ దారినే ముందుకు పోతే 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని స్వతంత్రంగా కనుగొన్నాడు. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనబడేది ఆయన పేరే.

ఏటీపీ అంటే కణం చేతిలోని చిల్లర డబ్బు. అది విరిగి ఫాస్ఫేటు ఊడినప్పుడు వచ్చే శక్తితో కణం పనులు నడుస్తాయి. ఆ చిల్లర ఎక్కడెక్కడ ఖర్చవుతోందన్నది తరువాతి తరాల ప్రశ్న.

1957లో డెన్మార్కులో యెన్స్ స్కౌ పీత కాళ్ళ నరాలను తీసుకున్నాడు. సోడియం, పొటాషియం రెండూ ఉన్నప్పుడు ఏటీపీని చురుగ్గా విడగొట్టే ఎంజైము వాటిలో ఉందని చూపాడు. సోడియాన్ని బయటికి తోడి, పొటాషియాన్ని లోపలికి చేర్చే ఏతం అది. నరంలో వార్త పరుగెత్తడానికి ఆధారం ఆ హెచ్చుతగ్గులే. 1997లో స్కౌకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక ఈగ సంగతి. మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగను శాస్త్రజ్ఞులు డ్రోసోఫిలా అంటారు. బొంబాయి టాటా సంస్థకు చెందిన ఒబైద్ సిద్దిఖీ, కాలిఫోర్నియాకు చెందిన సేమర్ బెంజర్ కలిసి 1976లో కొన్ని వింత ఈగలను గురించి రాశారు. వేడి తగిలితే అవి చచ్చుబడి పడిపోతాయి, చల్లబడితే తేరుకుంటాయి. వాటిలో ఒక రకానికి 'కోమటోస్' అని పేరు.

నరం కొసలో వార్తాహర రసాయనాలను మోసే బుల్లి తిత్తులుంటాయి. తిత్తి అంచుకి అతుక్కుని సరుకు దించాలంటే కొన్ని ప్రోటీన్లు ఒకదానితో ఒకటి పెనవేసుకోవాలి. పని అయ్యాక ఆ ముడిని విప్పాలి, లేకపోతే తరువాతి తిత్తికి పనిముట్లుండవు. ఆ ముడి విప్పే ప్రోటీన్ పేరు ఎన్.ఎస్.ఎఫ్. కోమటోస్ ఈగలో చెడింది అదేనని 1990ల మధ్యకి తేలింది. ముడి విప్పడానికి అది ఖర్చుపెట్టేది ఏమిటనుకున్నారు? ఏటీపీనే! వేడిలో ఆ ప్రోటీన్ పనిచేయదు, ముళ్ళు పేరుకుపోతాయి, ఈగ కూలబడుతుంది. కణంలో తిత్తుల రవాణా రహస్యాన్ని విప్పినందుకు 2013 అక్టోబరులో ముగ్గురికి నోబెల్ ప్రకటించారు. సిద్దిఖీగారు ఆ జూలైలోనే కన్నుమూశారు.

సుబ్బారావుగారు ఇవేవీ చూడలేదు. హార్వర్డులో శాశ్వతమైన ఉద్యోగం దక్కక 1940లో లెడర్లీ సంస్థకి వెళ్ళారు. 1948 ఆగస్టులో, 53వ ఏట పోయారు. అప్పటికి పీత నరంలోని ఏతం గురించి గాని, ఈగ నరంలోని ముడి గురించి గాని ఎవరికీ తెలియదు.

ఆయన మందు మింగి బాగుపడిన రోగి ఎప్పుడైనా ఆయన పేరు వినవచ్చు. ప్రయోగశాలలో ఏటీపీ సీసా మూత తీసే విద్యార్థికి మాత్రం ఆ పేరు ఎవరూ చెప్పరు. మిత్రులెవరైనా సుబ్బారావుగారి గురించి మళ్ళీ రాయబోతే మందుల పట్టికకు ముందు ఒక్క పేరా, ఆలస్యంగా చిక్కబడిన ఆ నీలిరంగుకి కేటాయించమని నా మనవి.