కైవార పదములు, మైకు మిక్సరు

చింతామణి తాలూకాలోని కెంచార్లహళ్ళి హోబళి కన్నడదేశమున నున్నను, అచ్చటి అనేక గృహములలో మాటయు పాటయు తెలుగే. 2007వ సంవత్సరమున చిక్కబళ్ళాపురము ప్రత్యేకమైన జిల్లా యగువఱకు కోలారు జిల్లాలో భాగమై యుండిన యీ సీమకు, అదే తాలూకాలోని కైవారమున వెలసిన యోగి నారాయణప్ప, జనులు భక్తితో తాతయ్య యని పిలుచుకొను మహనీయుడు, విడిచిపోయిన ఆస్తి తత్త్వపదములు. 1726లో జన్మించి 1836లో సమాధి నొందెనని సంప్రదాయము చెప్పు ఆయన, గాజుల మలారము భుజమున వేసికొని ఊరూర దిరిగిన వర్తకుడు. ఆయన పదములును అట్లే కాలినడకను వ్యాపించినవి. ఒక కంఠము, ఒక తంబుర, ఒక జత తాళములు. విననెంచినవారు దగ్గఱకు వచ్చి కూర్చుండవలసినదే.

విద్యుత్తు లేని ఆ దినములలో సభకు ధ్వనిని అమర్చుట యనగా మనుష్యులను తగిన తావులలో కూర్చుండబెట్టుటయే. మృదంగము ఎంత దూరమున నుండవలెను, వంతపాడువారు గాయకునికి ఏ ప్రక్కన నుండవలెను అను నిర్ణయములన్నియు చాపల మీదనే జరిగెడివి. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గ్రామఫోను కొఱకు పాడినప్పుడును పద్ధతి యిదియే. ఆమె గొట్టము నోటికి ఎదురుగ నిలిచి పాడవలసి వచ్చినది. విద్యుత్ మైకులతో రికార్డు చేయు విధానము 1925 ప్రాంతమున వచ్చువఱకు, లోకమంతటను గొంతునకును వాద్యమునకును పాలు పంచినది దూరమే. హరికథలోను నాటకములోను పేరు గడించిన ఆదిభట్ల నారాయణదాసు, బళ్ళారి రాఘవ వంటివారి తరము, కడపటి వరుస వఱకు మాట చేర్చుటను విద్యలో భాగముగ నేర్చిన తరము. ఆ సాధన నాకు పూజ్యమే. కాని, జ్ఞానమును రసమును కలిగియు గొంతు సన్నగా నుండుటచే వంతపాటతోనే జీవితము గడపిన గాయకుల సంగతి తలచుకొన్నప్పుడు మనస్సు బరువెక్కును.

1915 డిసెంబరు 24న శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందు జెన్సెన్, ప్రిధమ్ అను ఇద్దఱు ఇంజనీర్లు నిర్మించిన యంత్రము బహిరంగసభలో వేలాది జనులకు మానవస్వరమును వినిపించినది. మన దేశమున బొంబాయి షికాగో రేడియో వారి లౌడుస్పీకర్లు కాంగ్రెసు సభలలో మ్రోగినవి. 1940లో ఢిల్లీలో పుట్టిన అహూజా సంస్థ ఆంప్లిఫయర్లు క్రమముగా పల్లెలకు చేరినవి. ఇందొక విచిత్రము గలదు. ఇదే కోలారు జిల్లాలోని బంగారు గనులకు శివనసముద్రము నుండి 1902లోనే విద్యుత్తు వచ్చినది. ఆ తీగ గనుల కొఱకు వచ్చినదే గాని పల్లెల కొఱకు వచ్చినది కాదు. అందుచేత మైకుసెట్టువారు చిరకాలము బ్యాటరీల నాశ్రయించిరి. చెట్టుకొమ్మకు హారను, వేదిక నడుమ ఒక్క మైకు; దానికి దగ్గఱగ నున్నవాని గొంతే రాత్రియంతయు రాజ్యమేలినది.

మిక్సరు వచ్చి ఈ ఏకాధిపత్యమును తొలగించినది. ప్రతి గొంతునకును ప్రతి వాద్యమునకును ఒక్కొక్క ఛానలు; ఒక్కొక్క ఛానలు ఇంటికి సింహద్వారము వంటిది, లోనికి ఎవరు ఏ తీరున రావలెనో అక్కడనే తీరవలెను. మైకు నుండి వచ్చునది వోల్టులో కొన్ని సహస్రాంశములు మాత్రమే. దానిని వెయ్యి రెట్లవఱకు పెంచు గెయిను మీటయే తక్కిన సర్వమునకు మూలము. అది మితిమీరినచో గొంతు పగిలిపోవును, చాలనిచో బుసబుసలు పైకి వచ్చును. కావున నేర్పరి మొదట ఛానలు ధ్వనిని వెలుపలికి పంపు ఫేడరు మీటను క్రిందికి దింపి, ఆ ఛానలు నొక్కదానినే చెవిగొట్టములలో వినుచు, గాయకుని "హలో, హలో" యనుమనక, పదములోని మిక్కిలి హెచ్చుస్థాయిని పాడుమని కోరి, దానికి తగినట్లు గెయిను నిలుపును. పిమ్మట గొంతు ఛానళ్ళలో 80, 100 హెర్ట్‌జులకు దిగువనుండు వేదిక అదురులను కత్తిరించును. మృదంగపు ఎడమ మూతకు మాత్రము ఆ కత్తిరింపు తగదు, దాని గాంభీర్యమంతయు అక్కడనే కలదు. విద్యుత్తు అందించనిదే పలుకని కండెన్సరు మైకునకు 48 వోల్టులు పంపును. ఆ సంఖ్య వెనుక ఒక చిన్న చరిత్ర యున్నది: 1966లో నార్వే రేడియోవారికి న్యూమన్ సంస్థ మైకులు చేసి యిచ్చినప్పుడు, వారి భవనములో అత్యవసర దీపముల కొఱకు 48 వోల్టుల సరఫరా సిద్ధముగ నుండుటచే అదియే ప్రమాణమైనది. హెచ్చుతగ్గు స్వరముల మీటలు అనేకము 1952లో ఆంగ్లేయుడైన బాక్సాండల్ ప్రకటించిన పద్ధతికి ఋణపడి యున్నవి. నార్వే దీపములును ఆంగ్లేయుని గణితమును కూడి కైవార పదమునకు సేవ చేయుచున్నవన్నమాట.

ఛానళ్ళు పెరిగినవని అన్ని మైకులను తెరచియుంచుట అవివేకము. తెరచిన మైకులు రెట్టింపైన ప్రతిసారియు, లౌడుస్పీకరు ధ్వని మైకులోనికి తిరిగివచ్చి కూత పుట్టకముందు పెంచుకొన దగిన ధ్వని 3 డెసిబెళ్ళు తగ్గును. పాడనివాని ఛానలును మూయుట, తంబురకు గొంతుతో పోటీపడని పాటి చోటిచ్చుట, ఇవి యంత్రమునకే విడువదగిన పనులు కావు. గురుపూర్ణిమకు కైవారమున జరుగు సంగీతోత్సవము వంటి చోట్ల, ఒక బృందము లేచి వేఱొకటి కూర్చుండు కొలది నిమిషములలో ఈ ద్వారములన్నియు తిరిగి సరిచేయవలెను. హార్మోనియము, మృదంగము వాయించువారి పేర్లు ఆహ్వానపత్రికలలో అచ్చగుచున్నవి. మిక్సరు వద్ద కూర్చున్న ఈ శ్రోతృశ్రేష్ఠుని పేరును వారి సరసన అచ్చువేయవలెనని నా ప్రార్థన. ఇప్పటి డిజిటల్ మిక్సర్లు ఒక బృందపు అమరికను జ్ఞాపకముంచుకొని, ఒక్క మీట నొక్కినంతనే తిరిగి నిలుపుచున్నవి. కాని గాయకుడు మఱునాడు జలుబుతో వచ్చినను, మైకును జానెడు దూరము జరుపుకొన్నను, గెయిను మరల చెవితో చూచి పెట్టవలసినదే.