కణ ఒత్తిడి – ప్రొటీన్ల ముద్దలు

అధిక వేడి, ఆక్సీకరణం, వైరస్ దాడి వంటి ఒత్తిళ్లకు కణంలోని ప్రొటీన్ల మడత చెడి, అవి ఒకదానికొకటి అతుక్కుపోయే ప్రక్రియ. అల్జీమర్స్, పార్కిన్సన్స్, ఏఎల్‌ఎస్ వంటి నాడీక్షీణత వ్యాధులకు ఈ ముద్దలు ముఖ్య లక్షణం.

జరిగే తీరు: ఒత్తిడి తగలగానే కణం చాలా ప్రొటీన్ల తయారీని ఆపేసి, ఎంఆర్‌ఎన్‌ఏను కొన్ని ప్రొటీన్లతో కలిపి ‘స్ట్రెస్ గ్రాన్యూల్స్’ అనే తాత్కాలిక రేణువులుగా కూడగడుతుంది. హెచ్‌ఎస్‌పీ70 వంటి షాపెరోన్లు (సహాయక ప్రొటీన్లు) చెడిన మడతలను సరిదిద్దుతాయి. ఒత్తిడి తీరాక రేణువులు కరిగిపోవాలి. ఒత్తిడి ఎడతెగకుండా సాగితే కొన్ని ప్రొటీన్లు కరగని స్థితికి చేరగలవు. మామూలుగా కేంద్రకంలో ఉండే టీడీపీ-43 అనే ప్రొటీన్, ఏఎల్‌ఎస్ రోగుల నాడీకణాల్లో చాలావరకు కేంద్రకాన్ని వదిలి కణద్రవ్యంలో ముద్దకట్టి కనిపిస్తుంది. దీన్ని 2006లో గుర్తించారు. నాడీకణాలు విభజన చెందవు కనుక పేరుకున్న ముద్దలను పిల్లకణాలకు పంచి వదిలించుకోలేవు.

చెన్నై పరిశోధన: 1963లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ ప్రొటీన్ గొలుసుకు సాధ్యమైన మలుపులను ‘రామచంద్రన్ పటం’గా చూపారు. ప్రొటీన్లు ముద్దకట్టి ఏర్పడే అమిలాయిడ్ పోగుల్లో కనిపించేది ప్రధానంగా ఆ పటంలోని బీటా ప్రాంతపు అమరికే. ఐఐటీ మద్రాసులో ఎం. మైఖేల్ గ్రోమిహా బృందం ముద్దకట్టే ప్రొటీన్ల ప్రయోగ ఫలితాలను ‘సీపీఏడీ’ అనే డేటాబేస్‌గా కూర్చింది. గొలుసులో ఏ భాగం ముద్దకు బీజమవుతుందో తెలిస్తే, మందు ఎక్కడ పనిచేయాలో వెతకడానికి దారి దొరుకుతుంది.