పరీక్ష గది ఇంటికి వచ్చిన వైనం



పరీక్ష అనగానే మనకు ప్రశ్నపత్రం గుర్తుకు వస్తుంది గానీ పరీక్ష గది గుర్తుకు రాదు. నిజానికి ఎవరు పరీక్ష వ్రాయగలరో, ఎవరు వ్రాయలేరో ప్రశ్నపత్రం కంటె ముందుగా నిర్ణయించేది ఆ గదియే. నేడు మన పిల్లలు ఇంట్లోనే కూర్చుని, ఎక్కడో ఉన్న పర్యవేక్షకుడు కెమెరా ద్వారా చూస్తూండగా పరీక్షలు వ్రాస్తున్నారు. దీనినే రిమోట్ ప్రాక్టరింగ్ అంటున్నారు. కనుక ఈ గది చరిత్రను ఒకసారి నెమరు వేసుకోవడం అవసరం.

చైనాలో చక్రవర్తుల కాలపు ఉద్యోగ పరీక్షలకు నాన్జింగ్ వంటి నగరాలలో వేల సంఖ్యలో చిన్న చిన్న అరలు కట్టించారు. ఒక్కొక్క అరలో రెండు చెక్కలు ఉండేవి. పగలు ఒకటి ఆసనం, ఒకటి బల్ల. రాత్రి రెండూ కలిపితే పడక. లోనికి పోయే ముందు ఒళ్లంతా సోదా చేసేవారు. 1905లో ఆ పరీక్షలు రద్దయినవి. అర ఇరుకుదే, కాని దానిని ఏర్పాటు చేసినది ప్రభుత్వం. ధనికుని కొడుకుకూ, పేదవాని కొడుకుకూ అవే రెండు చెక్కలు.

మన దేశానికి వద్దాం. సివిల్ సర్వీసు పోటీ పరీక్ష 1855లో లండనులో మొదలయింది. భారతీయుడు కూడా వ్రాయవచ్చును. కాని సముద్రం దాటిపోవాలి. 1863లో సత్యేంద్రనాథ్ ఠాగూరు ఎంపికై, ఆ సర్వీసులో తొలి భారతీయుడైనాడు. పరీక్షను భారతదేశంలో కూడా జరపాలని దాదాభాయి నౌరోజీ వంటి పెద్దలు ఏళ్ల తరబడి పోరాడినారు. 1893లో బ్రిటిష్ కామన్స్ సభ అందుకు అనుకూలంగా తీర్మానించినా ప్రభుత్వం అమలు చేయలేదు. చివరకు 1922లో అలహాబాదులో ఆ పరీక్ష జరిగింది. అంటే, ఒక పరీక్ష గది సముద్రం దాటి రావడానికి 67 ఏళ్లు పట్టింది!

ఆ తరువాత గది మనకు క్రమంగా దగ్గరయింది. ఊరి హైస్కూలే పరీక్షా కేంద్రమయింది. 2020లో కరోనా వచ్చి, గది ఏకంగా ఇంట్లోకే వచ్చింది. దూరం తీరింది, భారం మాత్రం చేతులు మారింది. ఇంతవరకు గదిని ఏర్పరచినది పరీక్ష పెట్టేవారు; ఇప్పుడు ఏర్పరచవలసినది పరీక్ష వ్రాసేవారు.

బెంగళూరులో జరిగినదే చూడండి. అక్కడి నేషనల్ లా స్కూల్ తన ప్రవేశ పరీక్షను 2020 సెప్టెంబరు 12న ఇళ్ల నుండే వ్రాయించింది. సెప్టెంబరు 21న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఇంటి నుండి వ్రాసే ఆ పరీక్షలో పారదర్శకత నిలువదనీ, తక్కువ వ్యవధి, సాంకేతిక నిబంధనల వలన ఎందరో విద్యార్థులు అవకాశం కోల్పోయారనీ న్యాయస్థానం భావించింది. అమెరికాలో క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు తన పడకగదిని కెమెరాతో చూపించమనడాన్ని ప్రశ్నించగా, అటువంటి సోదా రాజ్యాంగ విరుద్ధమని 2022 ఆగస్టులో అక్కడి ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది.

అయినా ఈ పద్ధతి పోలేదు. కనుక సిద్ధపడవలసినదే. తలుపు మూసుకొనే వీలున్న గది, ఒక బల్ల, ఒక కుర్చీ కావాలి. వెలుగు ముఖం మీద పడాలి. వీపు వెనుక కిటికీ ఉంటే కెమెరాలో ముఖం నల్లబడుతుంది. బల్ల మీద పుస్తకాలు, సెల్‌ఫోన్ ఉండరాదు. గోడ మీది గుణింతాల పటం, పద్యాల పటం ముందే తీసివేయాలి. పరీక్ష ముగిసేవరకు లోనికి ఎవరూ రారాదు. "కాఫీ తాగుతావా నాయనా" అని అమ్మ తలుపు తీసినా అనుమానమే. కరెంటు పోతే ఏమి చేయాలో ముందే ఆలోచించాలి. కంప్యూటరును ముందురోజే సరిచూసుకోవాలి.

మన పిల్లలకు ప్రత్యేకించి రెండు మాటలు. పైకి చదివి నేర్చిన అలవాటు కొద్దీ వారు ప్రశ్నను పెదవులతో గొణుగుతారు. పర్యవేక్షకుడు దానిని ఎవరితోనో మాట్లాడటంగా భావించవచ్చు. కనుక మౌనపఠనం అభ్యాసం చేయించండి. రెండవది పేరు. తెలుగువారికి ఇంటిపేరు ముందు. పొరుగు రాష్ట్రాల రికార్డులలో అది ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట చివరగా ఉంటుంది. గుర్తింపు కార్డులోని పేరూ, దరఖాస్తులోని పేరూ ఒక్కటిగా ఉన్నవో లేవో దరఖాస్తు నాడే చూడండి.

ఒకే గదిలో అయిదుగురు ఉండే ఇంటి బిడ్డ మాటేమిటి? ఆ బిడ్డకు తెలివి తక్కువ కాదు, తలుపు తక్కువ. పిల్లలు తగ్గి తాళం పడిన తరగతి గదులు మన తెలుగు బడులలో ఉన్నవి. పరీక్ష నియమాలు అంగీకరిస్తే, అటువంటి ఒక గదిని శుభ్రం చేసి, ఒక బల్ల, ఒక దీపం, ఇంటర్నెట్ సదుపాయం అమర్చి ఆ బిడ్డకు ఇద్దాం. లండను గది అలహాబాదుకు రావడానికి 67 ఏళ్లు పట్టింది. మన బడి తాళం తీయడానికి ఒక్క పూట చాలును.