వర్చువల్ మెషీన్ల జాబితా: మెయిన్‌ఫ్రేమ్ నుంచి హైదరాబాద్ రీజియన్ దాకా

ఒకే కంప్యూటర్ చేత పది కంప్యూటర్ల పని చేయించే వర్చువల్ మెషీన్ పద్ధతి 1960లలో ఐబీఎం కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో రూపుదిద్దుకుంది. 1972 ఆగస్టులో ఐబీఎం దాన్ని వీఎం/370గా ప్రకటించింది. అందులో లాగిన్ అయిన ప్రతి ఒక్కరికీ సొంత వర్చువల్ మెషీన్ ఉండేది. టెర్మినల్‌లో ‘క్వెరీ నేమ్స్’ అని కొడితే ఆ సమయంలో లాగిన్‌లో ఉన్న పేర్లు వరసగా వచ్చేవి. అన్నీ ఒకే మెయిన్‌ఫ్రేమ్ మీద నడిచేవి కనుక లెక్క అక్కడితో పూర్తయ్యేది.

2006 ఆగస్టులో అమెజాన్ ఈసీ2 మొదలై, మెషీన్లు గంటల లెక్కన అద్దెకు దొరకసాగాయి. తొలినాళ్ల కమాండ్ ‘ఈసీ2-డిస్క్రైబ్-ఇన్‌స్టాన్సెస్’. అది ‘రిజర్వేషన్’, ‘ఇన్‌స్టాన్స్’ అనే మాటలతో మొదలయ్యే వరసలను తెరమీద పరిచేది. 2013లో అమెజాన్ క్లౌడ్ సేవలన్నిటికీ కలిపి ఏడబ్ల్యూఎస్ సీఎల్ఐ అనే కమాండ్ లైన్ సాధనం వచ్చింది. ఫలితాన్ని జేసన్‌గానో, పట్టికగానో తీసుకోవడం, ‘--క్వెరీ’తో కావలసిన వివరాలనే ఏరుకోవడం సులువైంది.

అమెజాన్ భారత్‌లో తొలి రీజియన్‌ను, అంటే డేటా సెంటర్ల సముదాయాన్ని, 2016లో ముంబైలో తెరిచింది. రెండోది హైదరాబాద్‌లో, మూడు అవైలబిలిటీ జోన్లతో, 2022 నవంబర్ 22న మొదలైంది. దాని కోడ్ ‘ఏపీ-సౌత్-2’. ఈ రీజియన్‌ను ఖాతాదారు స్వయంగా ఎనేబుల్ చేసుకుంటేనే వాడుకోవడం కుదురుతుంది.

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో క్లౌడ్ నేర్చుకునేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇక్కడే ఉంది. ‘ఏడబ్ల్యూఎస్ ఈసీ2 డిస్క్రైబ్-ఇన్‌స్టాన్సెస్’ ఒకసారికి ఒక్క రీజియన్ సంగతే చెబుతుంది. మెషీన్ హైదరాబాద్‌లో నడుస్తూ, సీఎల్ఐ ప్రొఫైల్‌లో డిఫాల్ట్ రీజియన్‌గా ముంబై ఉంటే ఆ మెషీన్ జాబితాలో కనిపించదు. బిల్లు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ‘--రీజియన్ ఏపీ-సౌత్-2’ చేర్చగానే మెషీన్ ఐడీ, రకం, స్థితి కనిపిస్తాయి. ఆపేసిన మెషీన్లు ‘స్టాప్డ్’ అని జాబితాలోనే ఉంటాయి. వాటి డిస్కులకు అద్దె పడుతూనే ఉంటుంది. ‘టర్మినేట్’ చేసినవి కూడా కాసేపు కనిపించి, తర్వాత తొలగిపోతాయి.

గూగుల్ క్లౌడ్ పద్ధతి వేరు. ‘జీక్లౌడ్ కంప్యూట్ ఇన్‌స్టాన్సెస్ లిస్ట్’ ప్రాజెక్టులోని అన్ని జోన్ల మెషీన్లనూ ఒకేసారి చూపిస్తుంది. అజూర్‌లో ‘ఏజెడ్ వీఎం లిస్ట్’ సబ్‌స్క్రిప్షన్ మొత్తాన్నీ చూపిస్తుంది. నడుస్తున్నాయో లేదో తెలియాలంటే ‘-డి’ చేర్చాలి.

మెయిన్‌ఫ్రేమ్ కాలంలో ఒక్క కమాండ్‌తో తేలిన లెక్కకు అమెజాన్‌లో ఇప్పుడు ఈ కమాండ్‌తోనైతే ఎనేబుల్ అయిన రీజియన్లన్నిటినీ ఒక్కొక్కటిగా అడగాలి. అన్నీ అడిగాకే మెషీన్లు లేవని తేల్చాలి.