పసివాడి బీపీకి పాము మందు

పిల్లల కోసం మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి పుట్టలో పాలు పోసి మొక్కుకున్నవాళ్లు బెజవాడ చుట్టుపక్కల ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. పుట్టువెంట్రుకలు తీయించడానికీ, చెవులు కుట్టించడానికీ మళ్లీ అక్కడికే వెళ్తారు. అలా పుట్టిన బిడ్డల్లో ఏ ఒక్కరికో మూత్రపిండాల్లో తేడా ఉండి బీపీ పెరిగిందనుకోండి. సూర్యారావుపేటలో పిల్లల డాక్టరు కాప్టోప్రిల్ గానీ, దాని తమ్ముడు ఎనలాప్రిల్ గానీ రాస్తే, ఆ మందు నిజంగానే పాము పుణ్యం.

పాము మాత్రం మనది కాదు, బ్రెజిల్‌లోని జరరాకా. మన వరిచేలల్లో తిరిగే రక్తపింజరకు దూరపు చుట్టం. అది కరిస్తే బీపీ ఉన్నట్టుండి పడిపోతుంది. ఎందుకు పడిపోతుందో వెతుకుతూ 1965లో సెర్జియో ఫెరీరా అనే శాస్త్రవేత్త ఆ విషంలో రక్తనాళాలను వదులు చేసే బ్రాడీకైనిన్‌కు బలమిచ్చే పదార్థాన్ని పట్టుకున్నాడు. దాని పోలికలతో నోటితో మింగే కాప్టోప్రిల్‌ను అమెరికాలోని స్క్విబ్ కంపెనీలో డేవిడ్ కుష్మన్, మిగ్యుల్ ఒండెట్టి 1975లో తయారుచేశారు. 1981లో అక్కడ అమ్మకానికి అనుమతి వచ్చింది. మాత్రలో విషం చుక్క కూడా ఉండదు, దారి చూపింది మాత్రం విషమే.

ఇదంతా పెద్దవాళ్ల కోసం జరిగిన పని. పసిపిల్లలకూ బీపీ ఉంటుందని తెలియాలంటే ముందు కొలవగలగాలి కదా. 1896లో రివా-రోచి అనే డాక్టరు బీపీ కొలవడానికి చేతికి పట్టీ కట్టాడు, 1905లో కొరట్కాఫ్ అనే మరో డాక్టరు ఆ పట్టీ కింద స్టెతస్కోపుతో రక్తం చప్పుడు విన్నాడు. నెలల బిడ్డ చేతిలో ఆ చప్పుడు సరిగా వినపడదు. అందుకని ఒకప్పుడు కాలో చెయ్యో బిగించి, చర్మం తెల్లబడ్డాక పట్టీ వదులుతూ, మళ్లీ ఎర్రబడే క్షణాన్ని కళ్లతో పట్టుకునేవారు. 1970ల్లో వచ్చిన యంత్రాలు ఆ తిప్పలు తప్పించాయి. అయినా పట్టీ గొడవ తీరలేదు. లోపలి రబ్బరు సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో కనీసం 40 శాతం ఉండాలి. చిన్న పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు తీసిన అంకె కూడా అంతే.

ఇక డోసు. పాత ఫార్మసీ పుస్తకాల్లో ఫ్రీడ్ సూత్రం అని ఒకటుంది: వయసును నెలల్లో తీసుకుని 150తో భాగించి, పెద్దల డోసులో అంత వంతు ఇవ్వాలి. దాని ప్రకారం ఈరోజే పుట్టిన బిడ్డకు డోసు సున్నా! నెల బిడ్డకు 25 మిల్లీగ్రాముల కాప్టోప్రిల్‌లో సుమారు 0.17 మిల్లీగ్రాములు. ఇప్పుడైతే బరువుతోనే లెక్క. పురిటిబిడ్డకు కిలోకు 0.01 మిల్లీగ్రాము దగ్గర మొదలుపెడతారు, అంటే నాలుగు కిలోల బిడ్డకు 0.04. పాత లెక్క నాలుగు రెట్లు ఎక్కువన్నమాట. ఇంత జాగ్రత్త ఊరికే రాలేదు. 1980ల్లో ఎక్కువ డోసులు పడిన పురిటిబిడ్డల్లో బీపీ మరీ దిగిపోయి, మూత్రం తగ్గి, కొందరికి ఫిట్స్ వచ్చాయి.

అసలు చిక్కు అంత కొంచెం మందును కొలవడంలో ఉంది. 25 మిల్లీగ్రాముల మాత్రలోంచి 0.04 తీయాలంటే ఆరువందల పైచిలుకు భాగాలు చేయాలి. బ్లేడుతో అయ్యే పని కాదు. ఆసుపత్రి ఫార్మసీలో పొడిచేసి, చక్కెర లాంటి పొడితో సమంగా కలిపి, తూచి పొట్లాలు కడతారు. లేదా నీళ్లలో కలిపి సిరంజితో కొలుస్తారు. కాప్టోప్రిల్ నీళ్లలో బలం కోల్పోతుంది, నిల్వకు పనికిరాదు. దశాంశ బిందువు ఒక్కటి జరిగితే డోసు పదింతలవుతుంది. అందుకే ఇంటికి పంపేముందు ఎన్ని మిల్లీగ్రాములో, ఎన్ని మిల్లీలీటర్లో విడివిడిగా రాయించుకుని, ఆ కొలత ఏ గీత దగ్గర వస్తుందో సిరంజి మీదే చూపించమనాలి. వంటింటి చెంచా వద్దు.

మొదటి డోసు వార్డులోనే వేసి బీపీ మళ్లీ మళ్లీ చూస్తారు. తర్వాత క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు. బెజవాడ ఎండల్లో బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే తరవాతి డోసు వేసేముందే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇదే మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. బీపీకే ఇచ్చే మరో మందు ప్రొప్రనలాల్ అయితే భయం వేరు, పాలు తాగని బిడ్డకు రక్తంలో చక్కెర పడిపోతుంది.

బిడ్డ బరువు అయిదారు నెలల్లో రెట్టింపవుతుంది కాబట్టి పుట్టినప్పటి చీటీ పట్టుకుని కూర్చుంటే కుదరదు. అయితే బీపీ అదుపులో ఉన్న కొందరి విషయంలో డాక్టర్లు కావాలనే డోసు పెంచరు. బిడ్డ ఎదిగేకొద్దీ కిలోకు అందే మందు దానంతటదే తగ్గుతూ వస్తుంది. అప్పటికీ బీపీ నిలకడగా ఉంటే ఒకరోజు ఆ మందు మానిపించేస్తారు.