నోటోలో లెక్కకు రాని ఓటు

సిసిలీలోని నోటోకి నేను కూడా ఫొటోలు చూసే వెళ్లాను. సిరక్యూజ్ నుంచి గంట బస్సు ప్రయాణం. దిగేసరికి మధ్యాహ్నం మూడు. కొట్లన్నీ మూసేసున్నాయి. పెద్ద వీధి పొడవునా తేనెరంగు సున్నపురాయి భవనాలు, చర్చిల ముందు వెడల్పాటి మెట్లు, నికొలాచి మేడ బాల్కనీల కింద బరువు మోస్తున్న రాతి సింహాలు, రెక్కల గుర్రాలు. ఊరంతా ఒక్క మనిషే కూర్చుని గీసినట్టుంది. ఫోన్‌లో స్టోరేజీ అయిపోయేదాకా తీశాను.

1693 జనవరి 11 నాటి భూకంపంలో ఆగ్నేయ సిసిలీ నేలమట్టమైంది. పోయినవాళ్లు దాదాపు 60,000 మంది అంటారు. అప్పటి నోటో ఇక్కడ లేదు. కొన్ని కిలోమీటర్ల అవతల, అల్వేరియా కొండమీద, చుట్టూ లోతైన లోయలున్న కోట ఊరది. స్పెయిన్ ఏలుబడి కాలం. వైస్రాయి తరఫున కమాస్త్రా డ్యూక్ జుసెప్పె లాన్జా వచ్చాడు. కొత్త చోటు ఖాయం చేశారు.

టూరిస్టు పుస్తకాలు ఇక్కణ్ణుంచి సరాసరి ఆర్కిటెక్టు రొజారియో గల్యార్ది దగ్గరికి దూకేస్తాయి. మధ్యలో ఏళ్ల తరబడి నడిచిన గొడవ ఉంది. పాత కొండ వదలం అన్నవాళ్లు బోలెడుమంది. 1698లో ఊరివాళ్ల అభిప్రాయం అడిగితే, ఎక్కువమంది కొత్త చోటు వద్దనే ఓటేశారు. ఊరు మాత్రం కొత్త చోటే ఉండిపోయింది.

ఇది చదివినప్పుడు నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. పాత సిస్టంలోంచి కొత్తదానికి మారేటప్పుడు మేమూ వాడేవాళ్లకి సర్వే పంపుతాం. పంపేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. ‘వద్దు’ అని జవాబొస్తే దాన్నేం చేయాలో ప్లాన్‌లో ఎక్కడా రాసుండదు. అలాంటి సర్వే ఒకటి నేనే తయారుచేశాను. పోలిక చిన్నదే, తెలుసు. అక్కడ వాళ్లు వదలాల్సింది పెద్దల సమాధుల్ని.

ఇంత అందమైన ఊరు వచ్చింది కదా అంటారు. నిజమే. కానీ మనం ఫొటోలు తీసుకునే ఆ ముఖభాగాల్లో చాలావరకు 18వ శతాబ్దంలో మెల్లమెల్లగా లేచినవి. ఓటేసిన మనుషుల్లో వాటిని కళ్లారా చూసినవాళ్లు ఎందరుంటారు?

ఆ అందం కూడా అంత గట్టిదేం కాదు. 1996 మార్చి 13న కెథెడ్రల్ గుమ్మటం, మధ్య కప్పూ కూలిపోయాయి. లోపలెవరూ లేరు కాబట్టి సరిపోయింది. 1990 భూకంపానికే దెబ్బతిని ఉంది. విప్పి చూస్తే స్తంభాల పైపొర చక్కటి రాయి, లోపలంతా గులకరాళ్లు, నాసి సున్నం. దానిమీద 20వ శతాబ్దంలో వేసిన కాంక్రీటు బరువు. మళ్లీ కట్టి, 2007లో తెరిచారు. ఆ కొత్త స్తంభాల మధ్యే నిలబడి తల పైకెత్తి చూశాను. పగులు కోసం వెతుకుతున్నానని కాసేపటికిగానీ తెలీలేదు.

మర్నాడు టాక్సీలో పాత నోటోకి వెళ్లాను. కోట ద్వారం నిలిచే ఉంది. దాటి లోపలికెళ్తే గడ్డి, రాళ్లు, మొండిగోడలు. డ్రైవరు కారు దిగలేదు. ఇక్కడ చూడ్డానికేముంది అన్నట్టు భుజాలెగరేశాడు.