కన్యస్త్రీలు లేని కాన్వెంటు

సామర్లకోటలో నేను అక్షరాలు దిద్దుకొన్న బడిని ఊరంతా కాన్వెంటనే పిలిచేది. అక్కడ కన్యస్త్రీలు లేరు, శిలువ లేదు. ఒక పెంకుటింటి వరండా, నాలుగు బల్లలు, గోడమీద సరస్వతీదేవి పటం. తెలుగు మాట నోట వస్తే పావలా జరిమానా. ఆ బడికి ఆ పేరెందుకు వచ్చిందని అడగాలన్న ఆలోచన చాలా ఏళ్ళ తరువాత గాని కలుగలేదు.

మా ఊరికి మిషను చదువు కొత్త కాదు. 1882లోనే కెనడా బాప్టిస్టు మిషనరీ జాన్ మెక్లారిన్ ఇక్కడ ఒక వేదాంత పాఠశాల నెలకొల్పాడు. అయితే బాప్టిస్టులలో కన్యస్త్రీల మఠాలు లేవు. కాన్వెంటు అన్న మాట కాథలిక్కులది; కన్యస్త్రీలు కలిసి నివసించే మఠమని దాని అర్థం. మన ప్రాంతంలో దాని జాడ వెదుకుతూ పోతే ఒకవైపు యానాం, మరొకవైపు విశాఖపట్నం చేరుకొన్నాను.

రెండింటికీ పుట్టిల్లు ఒక్కటే, ఆల్ప్స్ పర్వతాల చెంత సవోయ్ సీమలోని ఆనెసీ పట్టణం. అక్కడ 1838లో పియేర్ మెర్మియే అనే గురువు స్థాపించిన ఫ్రాన్సిస్ ది సేల్స్ సభవారు 1846లో విశాఖ చేరి, మరుసటి ఏడాదే సెయింట్ అలోషియస్ పాఠశాల ప్రారంభించారు. సిపాయిల తిరుగుబాటుకు పదేళ్ళ ముందు మాట! 1849లో అదే ఆనెసీ నుండి సెయింట్ జోసెఫ్ సభ కన్యస్త్రీలు యానాంలో దిగారు. పక్కనే ఉన్న కోరంగి రేవును పెనుతుపాను ముంచి అప్పటికి పదేళ్ళే.

పాఠశాలకు పెట్టిన పేరు కూడా గమనింపదగినదే. అలోషియస్ ఇటలీలో ఒక సంస్థానాధీశుని పెద్దకొడుకు. వారసత్వం వదులుకొని సన్యసించి, రోము నగరంలో ప్లేగు రోగులకు సేవచేస్తూ 1591లో ఇరవైమూడేళ్ళకే మరణించాడు. విద్యార్థులకు రక్షకుడని ఆయనకు ప్రసిద్ధి.

నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరచినది భాష. ఈ గురువులకు ఇంగ్లీషు మాతృభాష కాదు. వారి మాట ఫ్రెంచి. అప్పటికి వారు ఫ్రాన్సు ప్రజలు కూడా కారు, సవోయ్ ఆనాడు సార్డీనియా రాజు ఏలుబడిలో ఉండేది, ఫ్రాన్సులో కలిసింది 1860లో. కుంఫిణీ సైన్యంలో ఐరిష్ కాథలిక్కులు చాలామంది. వారి పిల్లలకూ, ఆంగ్లో ఇండియన్ పిల్లలకూ చదువు చెప్పాలంటే ఇంగ్లీషు తప్పదు. అంటే ఇంగ్లీషుకు పేరుమోసిన బడిని నిలబెట్టినవారు తామే ఆ భాషను నేర్చుకొని చెప్పినవారన్నమాట! రెండు భాషల నడుమ నిలిచిన పిల్లవాడి ఇబ్బంది వారికి తెలియకపోదని నా ఊహ.

తరువాత రైలు వచ్చింది, రైల్వే కుటుంబాలు వచ్చాయి. స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం 337వ అధికరణం ఆంగ్లో ఇండియన్ బడుల గ్రాంటులను క్రమంగా తగ్గిస్తూ పదేళ్ళు మాత్రమే కొనసాగించింది. దానికి షరతు, ఏటా కనీసం 40 శాతం ప్రవేశాలు ఇతరులకు అందుబాటులో ఉండాలి. 1954లో బొంబాయి ప్రభుత్వం ఇంగ్లీషు మాధ్యమపు బడులలో ఇతరుల పిల్లలను చేర్చుకోరాదని ఆదేశిస్తే సుప్రీంకోర్టు కొట్టివేసింది. తలుపు తెరుచుకొన్నది గాని లోపల చోటెంత? చోటు దొరకనివారికోసం వీధివీధినా కాన్వెంటులు వెలిశాయి. పేరు ముందుగా వచ్చింది; గురువుల తర్ఫీదు, గ్రంథాలయం, ఆటస్థలం వెనుకబడ్డాయి. అసలు బడుల ఖ్యాతి చాలావరకు న్యాయమైనదే. క్రమశిక్షణ పేరిట కాఠిన్యమూ ఉండేదని పెద్దలు చెప్పగా విన్నాను. కాని ఇంగ్లీషు రావాలంటే తెలుగు నోరు మూయాలన్న నమ్మకం మా వరండా దాకా ఎలా వచ్చిందో ఈ చరిత్రలో నాకు దొరకలేదు.

మా పంతులమ్మగారిని తప్పుపట్టలేను. ఆమె చదివినది తెలుగు మాధ్యమంలోనే. పావలా ఎందుకు కట్టాలో మాకు ఆమె తెలుగులోనే చెప్పేవారు.